పదిమందితో కలిసి పాత రెడ్ వైన్‌ల రుచి చూడాలంటే: విశాఖలో ఏ సీసాను ఎంచుకోవాలి?

విశాఖపట్నంలో వీధివీధినా ‘వైన్స్’ అన్న బోర్డు కనిపిస్తుంది. కాని ఆ బోర్డు కింద నిలబడి పదేళ్లు నిలవ ఉన్న రెడ్ వైన్ కావాలని అడిగితే కౌంటరు వెనక కుర్రాడు మనవైపు జాలిగా చూస్తాడు. మన వాడుకలో వైన్ షాపంటే విస్కీ, బ్రాందీ, బీరు దొరికే చోటు. వైన్ ఒక్కటీ తప్ప అన్నీ ఉంటాయని మా మిత్రులు వేళాకోళంగా అంటారు. అందువల్ల ఇక్కడ పాత వైన్‌లను పోల్చి చూడాలనుకునేవారి ఎంపిక దుకాణంలో మొదలు కాదు. అంతకు నాలుగైదు నెలల ముందే, ఎవరి అబ్బాయి ఎప్పుడు ఏ దేశం నుంచి వస్తున్నాడన్న లెక్కతో మొదలవుతుంది. లాసన్స్ బే కాలనీలోని మా ఇంట్లో ఏడెనిమిది మందిమి కొన్నేళ్లుగా చలికాలంలో ఒకటి రెండు సార్లు ఇందుకోసమే కూర్చుంటున్నాం. ఏ వైన్ తెప్పించుకోవాలి, దేన్ని దేనితో పోల్చాలి, ఎలా వడ్డించాలి అన్న ప్రశ్నలకు ఆ అనుభవంతో తేలిన సమాధానాలను ఇక్కడ రాస్తున్నాను.

పాతబడటం అంటే వైన్‌లో ఏం జరుగుతుందో ముందుగా తెలుసుకుంటే ఎంపిక సులువవుతుంది. ద్రాక్ష తొక్క నుంచి, గింజ నుంచి వచ్చే టానిన్‌లే రెడ్ వైన్‌లోని వగరుకు మూలం. లేత జామకాయ కొరికినప్పుడు నాలుకనూ చిగుళ్లనూ పట్టేసే పదార్థం కూడా ఈ జాతిదే. ఏళ్లు గడిచేకొద్దీ ఈ టానిన్‌లు ఒకదానితో ఒకటి, రంగునిచ్చే పదార్థాలతోనూ కలిసి పెద్ద అణువులుగా మారుతాయి, వాటిలో కొంత మడ్డిగా సీసా అడుగుకు దిగుతుంది. వగరు మెత్తబడుతుంది, ఊదా ఛాయ పోయి అంచు దగ్గర ఇటుక రంగు తొంగిచూస్తుంది. చింతపండు పాతబడితే నల్లబడుతుంది. రెడ్ వైన్ దానికి విరుద్ధంగా పలచని రంగుకు వస్తుంది. తాజా పండు వాసన తగ్గి, ఆ స్థానంలో చుట్టల పెట్టె, తోలు, ఎండు ఖర్జూరం, తొలకరికి తడిసిన మట్టి వంటి వాసనలు పైకి వస్తాయి. పులుపు మాత్రం పెద్దగా మారదు. కాబట్టి మొదటి నుంచీ టానిన్, పులుపు, పండు గుణం మూడూ దండిగా ఉన్న వైన్‌లే నిలవకు తట్టుకుంటాయి. మాగాయ ఏడాది నిలుస్తుంది, కొబ్బరి మామిడికాయ పచ్చడి మర్నాటికే పాడవుతుంది. వైన్‌లలోనూ అంతే తేడా ఉంది, పైగా లోకంలో తయారయ్యే రెడ్ వైన్‌లో అత్యధిక భాగం ఈ రెండో రకానికే చెందుతుంది.

అయితే మన ఊరి వారికి ద్రాక్ష రకం కంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: ఆ సీసా ఇన్నేళ్లూ ఎక్కడ పడుకుంది? ఈ సంగతి నాకు పుస్తకాల ద్వారా కాక రెండు సీసాల ద్వారా తెలిసింది. ఒకే సంస్థ ఒకే ఏడాది పంటతో చేసిన, రియోహా రిజర్వా అనే స్పెయిన్ రెడ్ వైన్ సీసాలు అవి. ఒకటి మా ఇంట్లో చెక్క బీరువాలో, పైన తిరిగే ఫ్యాను గాలి తప్ప మరో చల్లదనం ఎరుగకుండా, ఆరు వేసవులు గడిపింది. రెండోది సింగపూర్‌లో మా మేనల్లుడి ఇంట 13 డిగ్రీల వైన్ ఫ్రిజ్‌లో ఉండి వచ్చింది. రెండింటినీ ఒకే సాయంత్రం తెరిచాం. మా సీసా బిరడా అప్పటికే అర అంగుళం పైకి పొడుచుకు వచ్చి ఉంది, దాని కింద మెడ పొడవునా జిగట చార కట్టింది. గ్లాసులో పోస్తే టీ డికాక్షన్ రంగు. వాసన చూస్తే పాకం పట్టబోయి మాడ్చిన బెల్లం. నోట్లో పులుపు, చేదు మాత్రమే మిగిలాయి. రెండో గ్లాసులో ఎండిన నేరేడుపండు, కొబ్బరి, మెత్తని వగరు, మింగిన తరువాత నిమిషం దాకా పోని రుచి. పోర్టులో ఇంజినీరుగా చేసి రిటైరైన మా మిత్రులొకరు రెండు గ్లాసులనూ మార్చి మార్చి చూసి, “ఇదేటండీ, రెండూ ఒకటేనని చెప్పి మాయ చేస్తన్నారా?” అన్నారు.

వైన్‌ను దీర్ఘకాలం నిలవ చేయడానికి 12, 13 డిగ్రీల దగ్గర కదలని ఉష్ణోగ్రత కావాలి. మన సముద్రపు తేమ బిరడా ఎండిపోకుండా కాపాడుతుంది కాని వేడి ఆ మేలునంతా తినేస్తుంది. వైన్ ఫ్రిజ్ కొనుక్కున్నా పూర్తి భరోసా లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన తరువాత నగరంలో రోజుల తరబడి కరెంటు లేదన్న సంగతి ఇక్కడి వారికి గుర్తు చేయనక్కరలేదు. అందుచేత నా మొదటి సలహా ఇది: లేత వైన్ కొని ఇంట్లో పాతబెట్టాలన్న ఆశ మానుకోండి. వయసంతా తయారీదారు గిడ్డంగిలోనే గడిచి, తాగే దశకు వచ్చాక బయటికి విడుదలయ్యే వైన్‌నే ఎంచుకోండి.

ఈ కొలతతో చూస్తే అందరికంటే ముందు నిలిచేది స్పెయిన్‌లోని రియోహా. అక్కడ వయసు కూడా చట్టంలో భాగం. రిజర్వా అని రాయాలంటే వైన్ మూడేళ్లు నిలవ ఉండాలి, అందులో కనీసం ఏడాది ఓక్ పీపాలో గడవాలి. గ్రాన్ రిజర్వాకు అయిదేళ్లు కావాలి, అందులో కనీసం రెండేళ్లు పీపాలో, రెండేళ్లు సీసాలో ఉండాలి. ఇవి కనీసపు గడువులు మాత్రమే. హారో పట్టణంలో 1877లో మొదలైన లోపెస్ దె ఎరేదియా సంస్థ తన వీన్యా తొందోనియా రిజర్వాను పంట తీసిన పదేళ్లకు గాని అమ్మకానికి పెట్టదు. తెంప్రానియో ద్రాక్షతో చేసి, సంప్రదాయంగా అమెరికన్ ఓక్‌లో ఉంచే ఈ వైన్‌లలో ఎండుకొబ్బరి వాసన స్పష్టంగా తెలుస్తుంది. కొబ్బరి చెట్ల మధ్య పెరిగిన మనవారికి వైన్‌లో మొదటిసారి ఒక వాసనను పేరు పెట్టి పిలవగల ధైర్యం అక్కడే వస్తుందని నేను గమనించాను. వగరు మితంగా ఉంటుంది, మడ్డి కూడా సాధారణంగా తక్కువ, ధర కూడా అదే వయసున్న ఫ్రెంచి వైన్‌తో పోలిస్తే అందుబాటులో ఉంటుంది. మొదటిసారి కూర్చునే బృందానికి నేను మరో పేరు చెప్పను.

ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతపు బరోలో రెండో మెట్టు. ఇది పూర్తిగా నెబ్బియోలో ద్రాక్షతో తయారవుతుంది. పంట ఏడాది నవంబరు నుంచి లెక్కిస్తే కనీసం 38 నెలలు నిలవ ఉండాలి, అందులో 18 నెలలు చెక్క పీపాలో గడవాలి. రిజర్వాకైతే 62 నెలలు. రంగు పలచగా ఉంటుంది కాబట్టి కొత్తవారు దీన్ని నీళ్ల వైన్ అనుకుంటారు. నోట్లో పోసుకున్నాక వగరు దవడలను పట్టేస్తే ఆ అపోహ తొలగిపోతుంది. గులాబీ, తారు కలిసిన వాసన అని దీన్ని వర్ణిస్తారు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట బీచ్ రోడ్డు మీద నడిచినవారికి ఆ తారు ఏమిటో వివరించనవసరం లేదు. చట్టం విధించిన గడువు ముగిసి బయటికి వచ్చేనాటికి ఇది ఇంకా కరుకుగానే ఉంటుంది. మెత్తబడటానికి పంట నుంచి పది, పదిహేనేళ్లు పడుతుంది. కాబట్టి మధ్యకాలంలో దాన్ని ఎవరు, ఎక్కడ ఉంచారో తెలిస్తేనే కొనాలి.

పాత రెడ్ వైన్ అనగానే అందరి నోటా వచ్చే పేరు ఫ్రాన్స్‌లోని బోర్డో. అక్కడ నదికి ఎడమ ఒడ్డున మెదోక్, పొయ్యాక్ వైపు కాబెర్నే సావిన్యోన్‌ది పైచేయి. కుడి ఒడ్డున పొమెరోల్, సెయింట్ ఎమిలియోన్ వైపు మెర్లో అనే మరో ద్రాక్షది పైచేయి. 1855లో పారిస్ ప్రదర్శన కోసం ఎడమ ఒడ్డు ఇళ్లకు, అంటే వైన్ తయారీ సంస్థలకు, అయిదు శ్రేణులుగా వేసిన వర్గీకరణ నేటికీ చలామణిలో ఉంది. మొదటి శ్రేణిలోకి తరువాత చేరినది 1973లో మూతోన్ రోత్‌షీల్డ్ ఒక్కటే. ఈ ఉన్నత శ్రేణి సీసాల జోలికి మన వంటి బృందాలు వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం. ధర ఒక కారణం. నకిలీలు రెండో కారణం. అమెరికాలో రూడీ కుర్నియావాన్ అనే వ్యాపారి నకిలీ పాత వైన్‌లు అమ్మిన నేరానికి 2014లో పదేళ్ల జైలుశిక్ష పొందాడు. అతని చేతిలో మోసపోయినవారిలో ఎంతో తెలిసినవారు కూడా ఉన్నారు. బోర్డో కావలసిందేనంటే 2005, 2009, 2010 వంటి మంచి ఏళ్లలో, ఆ అయిదు శ్రేణులకు దిగువన ఉండే క్రూ బుర్జువా స్థాయి సీసాను, చల్లని నిలవ గది ఉన్న విదేశీ దుకాణం నుంచి తెప్పించుకోవచ్చు. ఫ్రాన్స్‌లోనే బర్గండీ ప్రాంతంలో పినో న్వార్ ద్రాక్షతో చేసే వైన్ సున్నితమైనది, ఖరీదైనది, ప్రయాణపు వేడికి త్వరగా దెబ్బతింటుంది. దాన్ని ప్రస్తుతానికి వదిలేద్దాం.

మన దేశపు వైన్‌ల మాటేమిటని తప్పక ఎవరో ఒకరు అడుగుతారు. మహారాష్ట్రలో ద్రాక్షకోత జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది, అక్కడి రెడ్ వైన్‌లలో చాలా భాగం ఒకటి రెండేళ్లలో తాగడానికి చేసినవే. అయినా అక్లూజ్ దగ్గర ఫ్రాతెల్లి సంస్థ సాంజోవేసే, కాబెర్నే ద్రాక్షలు కలిపి చేసే సెత్తె, హంపి కొండల దగ్గర హైదరాబాద్‌కు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు స్థాపించిన కృష్మా ఎస్టేట్ వారి కాబెర్నే కొన్నేళ్ల నిలవకు తట్టుకోగలవు. వైన్ ఫ్రిజ్ ఉన్నవారు ప్రయోగంగా ఏటా ఒక్కో సీసా కొని అందులో దాచి, అయిదో ఏట అన్నీ వరసగా తెరిస్తే ఆసక్తికరంగా ఉంటుంది. కాని పదిహేనేళ్ల బోర్డో పక్కన పెట్టి పోల్చడం ఆ వైన్‌కు న్యాయం చేయదు.

తీపి ఇష్టపడే బృందానికి మరో మంచి మార్గం ఉంది. పోర్చుగల్‌లోని దోరో లోయలో చేసే టానీ పోర్ట్ అనే తీపి వైన్ చెక్క పీపాలలో ఏళ్ల తరబడి పాతబడి, 10, 20, 30, 40 ఏళ్లని వయసు రాసుకునే వస్తుంది. ద్రాక్ష స్పిరిట్ కలపడం వల్ల ఆల్కహాలు 20 శాతం దగ్గర ఉంటుంది, మడ్డి బెడద ఉండదు, తెరిచిన సీసా ఫ్రిజ్‌లో వారాల పాటు నిలుస్తుంది. 10 ఏళ్లది, 20 ఏళ్లది పక్కపక్కన పెడితే వయసు చేసే పని ఏమిటో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ముందు దానిలో ఎర్రపండు ఇంకా మిగిలి ఉంటుంది, రెండోదానిలో జీడిపప్పు, పాకం, నారింజ తొక్క వస్తాయి. మాడుగుల హల్వాతో 20 ఏళ్ల టానీ ఎంత చక్కగా కుదురుతుందో నేను రాసి చూపలేను.

సీసాలు తేలిన తరువాత, దేన్ని దేనితో పోల్చాలన్న ప్రశ్న వస్తుంది. ఒకే ఇంటి వైన్‌ను వేర్వేరు ఏళ్లవి తీసుకుని చూడటం నిలువు పోలిక. ఒకే ఏడాదివి వేర్వేరు ఇళ్ల వైన్‌లు చూడటం అడ్డం పోలిక. పుస్తకాలు నిలువు పోలికను ఆకాశానికెత్తుతాయి. వాతావరణం ఏ ఏడు ఎలా ఉందో, ఆ ఇంటి పద్ధతి ఎప్పుడు మారిందో అందులో తెలుస్తుందన్నది నిజమే. కాని అయిదేళ్ల సీసాలు సంపాదించడం విశాఖలో ఉండి చేసే పని కాదు, పైగా అయిదింట్లో ఒకటి వేడికి పాడైతే వరస మొత్తం అర్థం కోల్పోతుంది. కొత్త బృందానికి నేను సూచించేది జంటల పోలిక: ఒకే ఇంటి లేత క్రియాంసా (రిజర్వా కంటే తక్కువ కాలం నిలవ ఉంచిన రియోహా) పక్కన గ్రాన్ రిజర్వా, పదేళ్ల రియోహా పక్కన పదేళ్ల బరోలో. రెండు జంటలు, నాలుగు సీసాలు. ఒక సాయంత్రానికి అంతకు మించి నాలుక మోయలేదు.

సీసాలు తెప్పించుకునే దారి గురించి క్లుప్తంగా చెబుతాను. దిగుమతి వైన్ మీద దేశంలో చాలాకాలంగా 150 శాతం కస్టమ్స్ సుంకం ఉంటూ రావడం వల్ల, ఇక్కడి పెద్ద హోటళ్లలో పాత సీసా ఉన్నా ధర చూస్తే గుండె ఝల్లుమంటుంది. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా రెండు లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చు. అంటే ఒక్కొక్కరు 750 మి.లీ. సీసాలు రెండు, ఇద్దరు వస్తే మన నాలుగు సీసాలూ చేరినట్టే. ఇతర రాష్ట్రాల నుంచి తెచ్చుకోవడంపైన, ఇంట్లో ఉంచుకోగల పరిమాణంపైన ఆంధ్రప్రదేశ్‌లో ఎక్సైజు నిబంధనలు ఉన్నాయి, అవి మారుతూ ఉంటాయి, కాబట్టి ముందే కనుక్కోవాలి. 21 ఏళ్లు నిండనివారికి మద్యం ఇవ్వకూడదన్నది ఎలాగూ చట్టమే, వారిని ఈ కూటానికి పిలవకూడదు. వచ్చిన సీసాను వెంటనే తెరవకండి. విమానంలోనూ, ఆ తరువాత ఆటోలోనూ కుదుపులకు లేచిన మడ్డి తేరుకోవడానికి రెండు వారాలైనా చల్లని చోట వదిలేయాలి, చివరి రెండు రోజులు నిలువుగా నిలబెట్టాలి.

రోజు ఎంచుకోవడంలో నాకు పట్టింపు ఉంది. డిసెంబరు, జనవరి తప్ప మిగతా నెలలు మన ఊళ్లో ఈ పనికి పనికిరావు. రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో వడ్డించాలన్న మాట 16 నుంచి 18 డిగ్రీల యూరప్ గదులను ఉద్దేశించినది. మే నెల విశాఖ గదిలో పోస్తే ఆల్కహాలు ఘాటు తప్ప ఏమీ తెలియదు. చలికాలంలో కూడా నీళ్లలో కొంచెం ఐసు వేసిన బకెట్‌లో సీసాను కదపకుండా పది పదిహేను నిమిషాలు నిలబెడితే మంచిది. వేసవిని వద్దనడానికి మరో కారణం మల్లెపూలు. ఒక ఏప్రిల్ సాయంత్రం నాలుగు మూరల మల్లెదండల మధ్య కూర్చుని, బరోలోలో మల్లె వాసన ఉందని మేమంతా ఏకగ్రీవంగా తీర్మానించాం. అగరుబత్తి, సెంటు, వంటింట్లో చేపల వేపుడు కూడా ఇదే పని చేస్తాయి. గ్లాసులు బీరువాలోంచి తీసినవైతే ముందుగా ఖాళీ గ్లాసును వాసన చూడండి. కలరా ఉండల వాసన వేడినీళ్లతో రెండుసార్లు కడిగితే గాని పోదు.

మడ్డి ఉన్న వైన్‌ను డీకాంటర్ అనే గాజు కూజాలోకి వంచుకోవాలా, నేరుగా గ్లాసులో పోయాలా అన్నది మరో ఎంపిక. బోర్డో, బరోలో అయితే వంచుకోవాలి. సీసా మెడ కింద సెల్‌ఫోన్ లైటు పెట్టి, గంజి వార్చినంత ఓపికగా ఒకే ధారగా వంచి, నల్లని పోగు మెడ దగ్గరికి రాగానే ఆపేయాలి. అడుగున రెండు మూడు చెంచాలు వృథా అయినా బాధపడకూడదు. గ్రాన్ రిజర్వాను మెల్లగా గ్లాసులోకే పోస్తే చాలు. ఎక్కువ వయసున్న వైన్‌ను గంటల తరబడి గాలికి వదిలితే దాని పరిమళం మనం కూర్చునేలోపే ఎగిరిపోతుంది. ముదిరిన బిరడా మరతో తీస్తే పొడి పొడి అవుతుంది కాబట్టి రెండు పలచని రేకులున్న బిరడా తీసే సాధనం ఒకటి సంపాదించండి. తడిసిన అట్టపెట్టె వాసన, వానాకాలం ముక్కిన గుడ్డల వాసన వస్తే అది వయసు గుణం కాదు. బిరడా నుంచి సోకిన టీసీఏ అనే పదార్థం. ఆ సీసాను పక్కన పెట్టాలి.

పేర్లు చూపించి పోయాలా, దాచి పోయాలా? దాచే పోయాలని నేను గట్టిగా చెబుతాను. 2001లో వెలువడిన బోర్డో విశ్వవిద్యాలయ పరిశోధనలో, ఎర్ర రంగు కలిపిన తెల్ల వైన్‌ను 54 మంది వైన్ విద్యార్థులు ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. కన్ను ముక్కును అంతగా శాసిస్తుంది. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే వైన్ వ్యాపారి ఫ్రాన్స్, కాలిఫోర్నియా వైన్‌ల మధ్య ఏర్పాటు చేసిన పోటీలో ఫ్రెంచి న్యాయనిర్ణేతలు పేర్లు తెలియకుండా రుచి చూసి కాలిఫోర్నియాకు చెందిన స్టాగ్స్ లీప్ 1973కు రెడ్ వైన్‌లలో మొదటి స్థానం ఇచ్చారు. కాలిఫోర్నియా వైన్‌లు పాతబడితే నిలబడవని అప్పుడు కొందరు వాదించారు. ముప్పయ్యేళ్లకు, 2006లో, అవే రెడ్ వైన్‌లను మళ్లీ తెరిస్తే మొదటి అయిదు స్థానాలూ కాలిఫోర్నియావే అయ్యాయి. మొదటిది రిడ్జ్ మోంటే బెల్లో 1971. మా ఇంట్లో సీసాలకు పాత వార్తాపత్రిక చుట్టి అంకెలు వేస్తాం. ఏవేం వైన్‌లో అందరికీ తెలుసు, ఏ అంకె ఏదో మాత్రం పోసేవారికే తెలుసు.

ఒక్కొక్కరికి రెండు గ్లాసులు, ఒక్కో గ్లాసులో 50 మి.లీ. చాలు. ఎనిమిది మందికి 400 మి.లీ. పోను మరోసారి పోయడానికి సీసాలో మిగులుతుంది. వాసన, వగరు, పులుపు, మింగాక రుచి ఎంతసేపు నిలిచింది అన్న నాలుగు మాటలు ఎవరికి వారు కాగితం మీద రాసుకునేదాకా మౌనం పాటించడం ముఖ్యం. బృందంలో పెద్దాయన ముందే “అబ్బో, అద్భుతం” అన్నారంటే మిగతా ఏడుగురి కాగితాలూ ఒకేలా ఉంటాయి. నూటికి మార్కులు వేసే పద్ధతి మాకు అచ్చిరాలేదు. ఒకరి 85 మరొకరి 92తో సమానం కావడంతో లెక్కలే మిగిలాయి. ఈ జంటలో మీకు ఏది నచ్చింది, ఎందుకు అని అడిగితే మాటలు వస్తాయి. రుచి చూసి ఉమ్మేయడానికి మనవారు మొహమాటపడతారు. ఎవరి పక్కన వారికి ఒక స్టీలు గ్లాసు పెడితే ఆ ఇబ్బంది తీరుతుంది. నాలుగు వైన్‌లూ మింగితే 200 మి.లీ. అవుతుంది, రెండోసారి పోసినది దానికి అదనం. రక్తంలో 100 మి.లీ.కు 30 మి.గ్రా. ఆల్కహాలు దాటితే వాహనం నడపడం నేరం కాబట్టి ఎంవీపీ కాలనీ నుంచి వచ్చినా, మధురవాడ నుంచి వచ్చినా బండి ఇంట్లోనే వదిలి రమ్మని ముందే చెబుతాం.

పోలిక సాగుతున్నంతసేపూ నాలుక కడుక్కోవడానికి నీళ్లు, ఉప్పు కారం లేని మరమరాలు తప్ప మరేమీ బల్ల మీద పెట్టం. గంట ముందు నుంచి కాఫీ కూడా వద్దంటాం, అది అరకు కాఫీ అయినా సరే. కారం వగరునూ ఆల్కహాలునూ రెండింతలు చేసి చూపుతుంది. కాగితాలు చదవడం అయ్యాక, చుట్టిన పత్రికలు విప్పాక, కారం తగ్గించి మిరియాలతో చేసిన మాంసం వేపుడు వస్తుంది, సీసాల్లో మిగిలినది దానితో ఖర్చవుతుంది. పాత రియోహా, బరోలో మర్నాటికి నిలవవు. ఆ రాత్రే ముగించాలి లేదా పారబోయాలి. టానీ తెరిచి ఉంటే మాత్రం బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, ఆదివారం హల్వా తెచ్చేవారు ఎవరో ఒకరు ఉంటారు.